పేరుకు పై సిర, ఉండేది లోతున

ప్రశ్న: మా అమ్మగారికి 58 ఏళ్లు. ఎడమ కాలు వాచి, తొడ బరువెక్కితే డాప్లర్ స్కాన్ తీయించాము. ‘సూపర్‌ఫిషియల్ ఫెమోరల్ వెయిన్’లో రక్తం గడ్డ ఉందని రిపోర్టు వచ్చింది. సూపర్‌ఫిషియల్ అంటే పైపైన ఉండేదే కాబట్టి కాపడం పెడితే చాలని బంధువులు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నిజం కాదమ్మా. కాపడం పెట్టవద్దు, కాలు మర్దన చేయవద్దు, రిపోర్టు తీసుకుని ఈ రోజే డాక్టరును కలవండి. పేరులో ఏమున్నా అది లోతు సిర.

తొడ కండరాలను బిగుతైన మేజోడులా చుట్టి ‘ఫేసియా లాటా’ అనే గట్టి పొర ఉంటుంది. ఆ పొరకూ చర్మానికీ మధ్య ఉన్నవి పై సిరలు, పొరకు లోపల కండరాల నడుమ ఉన్నవి లోతు సిరలు. మీ రిపోర్టులోని సిర పొరకు లోపల, తొడ ధమనిని ఆనుకుని సాగుతుంది. అందులోని గడ్డ ముక్క తెగి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. ఈ పొరపాటుకు తావు లేకుండా దానిని ‘ఫెమోరల్ వెయిన్’ అని మాత్రమే అనాలని 2002లో అంతర్జాతీయ నిపుణులు సూచించినా, పాత పేరు రిపోర్టులలో ఇంకా కనబడుతూనే ఉండడం నాకు బాధ కలిగిస్తుంది.

తొడలో అసలైన పై సిర ‘గ్రేట్ సఫీనస్ వెయిన్’. నిలబడి లోపలి చీలమండ ఎముకకు కాస్త ముందు తడిమి చూస్తే చాలామందికి అది వేలికి తగులుతుంది. అక్కడి నుంచి పైకి సాగి, మోకాలిచిప్పకు అరచేతి వెడల్పు వెనకగా దాటి, తొడ లోపలి వైపుగా గజ్జ దాకా వెళ్లి, పొత్తికడుపు, తుంటి, జననాంగాల చర్మం నుంచి వచ్చే చిన్న సిరలను కలుపుకుని, ఫేసియాలోని రంధ్రం గుండా ఫెమోరల్ వెయిన్‌లో కలుస్తుంది. లోపలి కవాటాలు పాడై రక్తం కిందికి జారితే ఉబ్బి మెలికలు తిరిగేవి ఇదీ, దీని కొమ్మలే. గుండె బైపాస్‌కు దీనిని తీసినా కాలు తట్టుకుంటుంది, ఎందుకంటే కాలి రక్తంలో అధికభాగం లోతు సిరల గుండానే పైకి వెళుతుంది. అయితే ఈ పై సిరలోనే గడ్డ కట్టినా, అది గజ్జలోని కలయికకు 3 సెంటీమీటర్ల లోపు ఉంటే లోతు సిర గడ్డకు చేసినట్లే చికిత్స చేస్తారు.

అమ్మగారికి ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం వంటివి కనిపిస్తే అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.