మాది హైదరాబాద్. అవకాడోతో చేసే మెక్సికన్ పచ్చడి గ్వాకమోలేని మిక్సీలో వేసి చేస్తున్నాను. గంటకే నల్లబడుతోంది, చప్పగా ఉంటోంది. ఏం చేయాలి?

మిక్సీలో వేస్తున్నానన్నారు కదా, రెండు సమస్యలకీ చాలావరకు అదే కారణం. డాలస్‌కి వెళ్లిన కొత్తలో నేనూ అలాగే చేసేదాన్ని. ఓసారి తాలింపు కూడా పెట్టాను, నవ్వకండి. మా పక్క అపార్ట్‌మెంట్‌లో మెక్సికోలోని ప్యూబ్లా నుంచి వచ్చిన పెద్దావిడ ఉండేవారు. నా గిన్నెలోకి ఒకసారి చూసి, ఏమీ అనకుండా ఇంటికెళ్లి తన రోలు పట్టుకొచ్చారు. మూడు కాళ్ల నల్లరాతి రోలు, వాళ్లు మోల్కహేతే అంటారు.

ఆవిడ ముందు అవకాడో జోలికే పోలేదు. పావు ఉల్లిపాయ, ఒక సెరానో మిరపకాయ, కాడలతో సహా గుప్పెడు కొత్తిమీర, అర చెంచా కల్లుప్పు వేసి నూరారు. అచ్చం మన రోటి పచ్చడే! ఉప్పు రాపిడికి రసం దిగి ముద్దయ్యాక మూడు పండ్ల గుజ్జు వేసి, నాలుగుసార్లు అదిమి వదిలేశారు. ముక్కలు నోటికి తగలాలట. గింజలు తీసిన టమాటా ముక్కలు, అరచెక్క నిమ్మరసం ఆఖరున. వెల్లుల్లి వేయలేదు. ఉప్పు, కారం ముద్దలోనే ఉంటాయి కాబట్టి ప్రతి ముద్దకీ రుచి తెలుస్తుంది.

నల్లబడటం అంటారా, కోసిన అవకాడోలోని ఎంజైము గాలి తగలగానే పని మొదలుపెడుతుంది. మిక్సీ గుజ్జంతటికీ గాలి పట్టిస్తుంది. నిమ్మరసం ఆ వేగాన్ని తగ్గిస్తుందే తప్ప ఆపదు. అందుకే ప్లాస్టిక్ షీట్‌ని గిన్నె అంచు మీద కాదు, గ్వాకమోలే మీదే అతుక్కునేలా నొక్కి ఫ్రిజ్‌లో పెట్టండి. మధ్యలో టెంక పెడితే నల్లబడదంటారు గానీ, నేను చూసినంతలో దాని కిందున్న భాగమే పచ్చగా ఉంటుంది.

పండు సరిగ్గా లేకపోతే ఇదంతా దండగ. హాస్ రకం పండితే తొక్క నల్లగా మారుతుంది. మీరు హైదరాబాద్ అన్నారు కాబట్టి ఒక మాట: కూర్గ్ వైపు నుంచి వచ్చే నున్నటి తొక్క కాయలు పండినా చాలావరకు పచ్చగానే ఉంటాయి. రంగు చూడకుండా తొడిమ దగ్గర మెల్లగా నొక్కి చూడండి, కాస్త లొంగితే చాలు. వీటిలో నీరు కాస్త ఎక్కువ, టమాటా మానేయడమే మంచిది. గట్టిగా ఉంటే అరటిపండుతో కలిపి కాగితం సంచిలో రెండు మూడు రోజులు ఉంచండి.

రోలు లేదా? అల్లం దంచుకునే చిన్న కల్వంలో ఉల్లి, మిర్చి నూరుకుని, అవకాడో ఫోర్కుతో మెదిపేయండి.