చీరల ఫోటోలపై ఫిర్యాదు, ఆపై ఖాతా మూసివేత: చట్టం ఏ దారి చూపుతుంది?

ప్రశ్న: మాది ధర్మవరం. పెళ్లయ్యాక బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడ్డాం. మా ఊరి పట్టుచీరలను ఇంటి నుంచే ఒక పెద్ద సోషల్ మీడియా వేదిక ద్వారా అమ్ముతున్నాను. చీరల ఫోటోలు వాటిని నేయించే మాస్టర్ వీవర్ వాట్సాప్‌లో పంపుతారు. అవే ఫోటోలు మరికొందరు అమ్మకందారులకూ వెళ్తాయి. వారిలో ఒకరు ఆ ఫోటోలు తనవని ఫిర్యాదు చేయడంతో నా పోస్టులు మూడు తొలగించారు. నేను పట్టించుకోలేదు. కొన్ని వారాలకు ఖాతా మొత్తం మూసేశారు. అప్పీలు నొక్కిన పావుగంటలోపే ‘మా నిర్ణయంలో మార్పు లేదు’ అని వచ్చింది. ప్రకటనల కోసం డబ్బు కూడా కట్టి ఉన్నాను. డబ్బిస్తే ఖాతా తెప్పిస్తానని ఒకతను ఫోన్ చేస్తున్నాడు. బెంగళూరులోనే కేసు వేయవచ్చా? – ఒక సోదరి

సమాధానం: మీరు పంపిన రెండు స్క్రీన్‌షాట్లనూ విడివిడిగా చదవాలి. మొదటి దానిలో మేధో సంపత్తి ఫిర్యాదు అందినందువల్ల పోస్టులు తొలగించామని ఉంది, ఫిర్యాదు చేసినవారి పేరు కూడా ఉంది. రెండవ దానిలో ‘మార్గదర్శకాలను ఉల్లంఘించారు’ అన్న ఒక్క వాక్యం తప్ప ఏ పోస్టు, ఏ నియమం, ఏ తేదీ అన్న వివరం ఏదీ లేదు. మొదటిది బయటివారి ఫిర్యాదు మీద కంపెనీ తీసుకున్న చర్య. రెండవది కంపెనీ తనంతట తాను తీసుకున్న నిర్ణయం. ఈ తేడా మీదే మీ కేసు నిలబడుతుంది.

ముందు ఫోటోల సంగతి చూద్దాం. అసలు చిక్కు అక్కడే మొదలైంది. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫోటోకు కర్త దానిని తీసిన వ్యక్తి. వేరే ఒప్పందం గానీ ఉద్యోగ సంబంధం గానీ లేనప్పుడు సాధారణంగా మొదటి హక్కుదారు కూడా ఆ వ్యక్తే. చీరను మగ్గం మీద పరచి ఫోటో తీసింది మాస్టర్ వీవరో, ఆయన కొడుకో అయితే హక్కు వారిది. అదే ఫోటోను మీలాగే వాట్సాప్‌లో అందుకుని, దాని మీద తన దుకాణం పేరు ముద్రించుకున్నంత మాత్రాన ఆ అమ్మకందారుకు హక్కు రాదు. అందువల్ల మీరు చేయవలసిన మొదటి పని మాస్టర్ వీవర్ నుంచి సంతకంతో కూడిన ఒక లేఖ తీసుకోవడం. ఆ ఫోటోలు ఎవరు తీశారో, ఏ తేదీన ఏ నంబరుకు పంపారో, వాటిని అమ్మకానికి వాడుకోవడానికి మీకు అనుమతి ఇచ్చారో లేదో అందులో స్పష్టంగా ఉండాలి. వీలైతే అసలు ఫోటో ఫైళ్లను ఆ ఫోనులో అలాగే భద్రపరచమని కూడా ఆయనకు చెప్పండి.

ఫిర్యాదు రాగానే కంపెనీ మిమ్మల్ని అడగకుండానే పోస్టులు ఎందుకు తీసేసిందన్న మీ ఆవేదన న్యాయమైనదే. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని సెక్షన్ 79, వాడుకరులు పెట్టిన సమాచారానికి వేదిక బాధ్యత వహించనవసరం లేకుండా కొన్ని షరతులతో రక్షణ ఇస్తుంది. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ఏదైనా సమాచారం చట్టవిరుద్ధమని ఆ సెక్షన్ కింద వేదికకు తెలిసినట్లు భావించాలంటే కోర్టు ఉత్తర్వు గానీ ప్రభుత్వ నోటిఫికేషన్ గానీ ఉండాలి. కాపీరైట్ విషయంలో మాత్రం కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(సి) వేరే పద్ధతి పెట్టింది. హక్కుదారు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేస్తే వేదిక దానిని 21 రోజుల పాటు అందుబాటులో లేకుండా చేయాలి, ఆలోగా ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తీసుకురాకపోతే తిరిగి పెట్టవచ్చు. ‘పెట్టవచ్చు’ అన్నదే గాని ‘పెట్టాలి’ అని చట్టం అనలేదు. వాడుకరికి ఇక్కడ జరుగుతున్న అన్యాయంలో చాలా భాగం ఈ ఒక్క సడలింపు నుంచే పుడుతోందని నా నిశ్చితాభిప్రాయం. పోస్టు తీసేస్తే కంపెనీకి పోయేదేమీ లేదు, ఉంచితే కేసు భయం ఉంటుంది.

దీనికి తోడు, ఫిర్యాదులు పోగుపడితే ఖాతానే మూసేసే పద్ధతి దాదాపు అన్ని వేదికల్లోనూ ఉంది. యూట్యూబ్‌లో 90 రోజుల వ్యవధిలో మూడు కాపీరైట్ స్ట్రైకులు, అంటే ఉల్లంఘన హెచ్చరికలు, పడితే ఛానల్ రద్దయ్యే ప్రమాదం ఉందని వారి నియమాలే చెబుతాయి. మీ మూడు పోస్టుల మీద వచ్చిన ఫిర్యాదులకు బదులివ్వకపోవడంతో అవి రుజువైన తప్పుల కిందే లెక్కకు వచ్చి ఉండవచ్చు. కాబట్టి ఖాతా గురించి ఎంత వాదించినా ముందు ఆ మూడు ఫిర్యాదులకు ప్రతి నోటీసు, అంటే కౌంటర్ నోటిఫికేషన్, వేదిక చూపిన పద్ధతిలో పంపక తప్పదు. తప్పుడు ఫిర్యాదు చేసిన అమ్మకందారుపై, కాపీరైట్ చట్టం సెక్షన్ 60 కింద నిరాధారమైన బెదిరింపుల విషయంలో సివిల్ దావా వేసే హక్కు కూడా మీకు ఉంది. ముందుగా ఒక లాయరు నోటీసు ఇచ్చి, ఫిర్యాదును వెనక్కి తీసుకోమని కోరండి. మాస్టర్ వీవర్ లేఖ జతపరిస్తే చాలావరకు విషయం అక్కడితోనే తేలిపోతుంది.

ఇక ఖాతా మూసివేత గురించి. 2021 ఫిబ్రవరి 25న నోటిఫై చేసిన ఐటీ మధ్యవర్తుల (అంటే ఇలాంటి ఆన్‌లైన్ వేదికల) నియమాలు, 50 లక్షలకు మించి నమోదిత వాడుకరులున్న వేదికలపై అదనపు బాధ్యతలు మోపాయి. నియమం 4(8) ప్రకారం అలాంటి వేదిక తనంతట తాను ఏదైనా సమాచారాన్ని తొలగించేటప్పుడు, అంతకు ముందే వాడుకరికి కారణాలు వివరిస్తూ తెలియజేయాలి, ఆ చర్యను ప్రశ్నించి పునరుద్ధరణ కోరడానికి తగినంత, సహేతుకమైన అవకాశం ఇవ్వాలి. ఆ వివాద పరిష్కారంపై భారతదేశంలో నివసించే ఫిర్యాదుల అధికారి పర్యవేక్షణ ఉండాలి. మీ రెండవ స్క్రీన్‌షాట్‌లో కారణం లేదు. పావుగంటలోపు వచ్చిన తిరస్కరణను తగినంత అవకాశం అని ఏ కోర్టు ముందైనా సమర్థించుకోవడం కంపెనీకి కష్టమే. అయితే నియమం 4(8) సమాచారం తొలగింపు గురించే మాట్లాడుతుంది గాని ఖాతా రద్దు గురించి కాదని, పైగా నియమాలను పాటించని వాడుకరి ఖాతాను రద్దు చేసే హక్కు తమకుందని నియమం 3(1)(సి) గుర్తించిందని కంపెనీ వాదిస్తుంది. ఖాతా మూసేయడమంటే అందులోని సమాచారమంతటినీ ఒక్కసారిగా అందకుండా చేయడమే కాబట్టి 4(8) వర్తించి తీరాలన్నది మన వాదన. ఇది బలమైన వాదనేనని నేను నమ్ముతున్నాను.

ఈ వాదనను యాప్‌లోని అప్పీలు బటన్ నొక్కి కాదు, ఫిర్యాదుల అధికారికి లేఖ రూపంలో తెలియజేయాలి. ఆ అధికారి పేరు, సంప్రదించే వివరాలు ప్రతి వేదికా తన వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో ప్రకటించి తీరాలి. లేఖలో మీ ఖాతా పేరు, మూసివేసిన తేదీ, రెండు నోటీసులు, మాస్టర్ వీవర్ లేఖ, ప్రకటనల చెల్లింపు రసీదులు పెట్టండి. ఏ పోస్టు ఏ నియమాన్ని ఉల్లంఘించిందో చెప్పమని, ఖాతాను పునరుద్ధరించమని, వివాదం తేలేవరకు ఖాతాలోని సమాచారాన్ని తుడిచివేయవద్దని కోరండి. అధికారి 24 గంటల్లో అందినట్లు తెలియజేయాలి. పరిష్కారానికి 2021లో పెట్టిన గడువు 15 రోజులు. అంతకు మించి మీరు ఎదురుచూడనక్కరలేదు.

అక్కడ న్యాయం జరగకపోతే 2022 అక్టోబరు సవరణతో వచ్చిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో ఇటువంటి కమిటీలను ఏర్పాటు చేసింది. అధికారి జవాబు అందిన 30 రోజుల్లోగా అప్పీలు పెట్టాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి, దాని ఉత్తర్వును వేదిక పాటించి తీరాలి. వ్యవహారమంతా ఆన్‌లైన్‌లోనే సాగుతుంది, ఢిల్లీ వెళ్లవలసిన పని లేదు. అధికారి నుంచి జవాబే రాకపోతే, గడువు దాటిన సంగతి చూపుతూ అప్పీలు పంపడమే మంచిదని నా సలహా.

కేసు విషయానికొస్తే, ఉచితంగా అందించే సేవ వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని ‘సేవ’ నిర్వచనం కిందకు రాదు. అందువల్ల కేవలం ఖాతా పోయిందని వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే ప్రయోజనం తక్కువ. ప్రకటనలకు మీరు కట్టిన సొమ్ము మాత్రం వేరు సంగతి. ఖాతా మూసేశాక నడవని ప్రకటనల డబ్బు తిరిగి ఇవ్వకపోతే మీరు నివసించే చోటే, అంటే బెంగళూరులోని జిల్లా కమిషన్ ముందే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. మీది వాణిజ్య ప్రయోజనం అని కంపెనీ తప్పక అడ్డు చెబుతుంది. స్వయం ఉపాధితో జీవనం సాగించేవారికి మినహాయింపు ఉన్నా, చట్టంలోని వివరణ వస్తువుల గురించే స్పష్టంగా చెబుతోంది కాబట్టి సేవలకూ అది వర్తించాలని మీ తరఫున గట్టిగా వాదించవలసి ఉంటుంది.

ఖాతా తిరిగి ఇప్పించమని సివిల్ కోర్టులో దావా వేయడం నేను ముందుగా సూచించను. ఎప్పుడైనా రద్దు చేసుకోదగిన ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించడానికి నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 14 అడ్డుపడుతుంది. పైగా వ్యాపార ఖాతాల షరతుల్లో విదేశీ కోర్టుల ప్రస్తావన కూడా తరచుగా ఉంటుంది. కర్ణాటక హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చా అంటే, ప్రైవేటు వ్యక్తులపై కూడా రాజ్యాంగంలోని 19, 21 అధికరణాల (స్వేచ్ఛలు, జీవించే హక్కు) అమలు కోరవచ్చని 2023 జనవరి 3న కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీ చెప్పింది. అయినా అప్పిలేట్ కమిటీ దారి తెరిచి ఉండగా హైకోర్టు మిమ్మల్ని అక్కడికే పొమ్మనే అవకాశం ఎక్కువ. కమిటీ మీ అప్పీలును తేల్చకుండా ఉంచినా, కారణం చెప్పకుండా కొట్టేసినా అప్పుడు రిట్‌కు బలం వస్తుంది.

స్క్రీన్‌షాట్లను, వాట్సాప్ సంభాషణలను ఇప్పుడే ఫోనులో నుంచి వేరే చోట కూడా భద్రపరచండి. వాటిని కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం కావాలి, అందుకు అవి వచ్చిన ఫోనును మార్చకుండా ఉంచుకోవడం మేలు.

ఫోన్ చేస్తున్న వ్యక్తికి ఒక్క రూపాయి ఇవ్వకండి, ఓటీపీ గానీ పాత పాస్‌వర్డ్ గానీ చెప్పకండి. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి, మీ ప్రాంతంలో సైబర్ నేరాలు చూసే సెన్ పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. అలాగే ఖాతా మూసేనాటికి అడ్వాన్సు కట్టి చీర అందని కొనుగోలుదారులు ఎవరైనా ఉంటే యూపీఐ వివరాలు చూసి వారికి మీరే ఫోన్ చేయండి. చీర పంపండి, లేదా డబ్బు తిరిగి ఇచ్చి ఆ రసీదులు దాచుకోండి. వారిలో ఒక్కరు మోసపోయామని ఫిర్యాదు చేసినా కంపెనీ దానినే తన నిర్ణయానికి కారణంగా చూపుతుంది.