తేలే తోటలు మనకు కుదరవు, శ్రీలంక 'బెత్మ' కుదురుతుంది (మా పలమనేరు అనుభవం)

వానలు గతి తప్పాక బంగ్లాదేశ్, శ్రీలంక పల్లెల్లో రైతులు ఎలా నెట్టుకొస్తున్నారు, అందులో చిత్తూరు రైతుకి పనికొచ్చేది ఏమైనా ఉందా అని అడిగారు. మాది పలమనేరు దగ్గర పల్లె. మూడెకరాల చేను, నాలుగు ఆవులు.

అందరూ ముందు చూపించేది బంగ్లాదేశ్ తేలే తోటలు. గోపాల్‌గంజ్, పిరోజ్‌పూర్ వైపు నెలల తరబడి నీళ్ళు నిలిచే చోట గుర్రపుడెక్కను పరుపులా పేర్చి దానిమీద కూరగాయలు పండిస్తారు. ముంపు ఊళ్ళకి మంచి ఉపాయమే. ఆ వీడియో చూపిస్తే మా నాయన "ముందు మన చెరువులోకి నీళ్ళు తెప్పించు, తర్వాత తేలదాం" అన్నాడు.

మనకు దగ్గరగా ఉండేది శ్రీలంక ఎండు ప్రాంతం. అక్కడా మన లాగే గొలుసుకట్టు చెరువులు, పై చెరువు నిండితే కింది చెరువుకి. చెరువులో నీళ్ళు తక్కువున్న కారులో (పంటకాలంలో) ఆయకట్టు మొత్తం సాగు చెయ్యరు. రైతులంతా కూర్చుని, చెరువుకి దగ్గరున్న కొంత భూమిని ఆ ఒక్క కారుకీ అందరికీ పంచుకుంటారు. భూమి ఎవరిదైనా సరే. దీన్ని బెత్మ అంటారు. ఇది చదివినప్పుడు మా తాత మాటలు గుర్తొచ్చాయి. నీరుగంటి, అంటే చెరువు నీళ్ళు వంతులవారీ పంచే మనిషి, మడవ తిప్పితేనే ఎవరికైనా నీళ్ళు అనేవాడు. బోర్లు వచ్చాక నీరుగంటీ లేడు, ఎవరి నీళ్ళు వాళ్ళవే.

2018 కరువులో మాకు అదే దెబ్బ కొట్టింది. నాయన వేయించిన ఐదో బోరు 900 అడుగులు పోయినా దుమ్మే. టమాటా నారు నాటి ఎండబెట్టుకున్నాం. పక్క చేన్లో చిన్నాయన బోరులో మాత్రం ఇంచున్నర నీళ్ళు. అప్పుడు మూడిళ్ళ వాళ్ళం కూర్చున్నాం. బోరు పక్కనున్న చిన్నాయన భూమిలోనే తలా అరెకరం, వరి, టమాటా వద్దు, శెనక్కాయలు, మధ్యలో అనప (అనుములు) సాళ్ళు. తడికి వంతులు.

వినడానికి బాగుంది కదా! చిన్నమ్మ ఒప్పుకోడానికి పది రోజులు పట్టింది. "బోరు అప్పు కట్టేది మేము, నీళ్ళు అందరికీనా?" అంది. తప్పేముంది ఆమె మాటలో? చివరికి మా వాటా పంటలో నాలుగో వంతు, శెనక్కట్టె (కాయలు తీశాక ఆవులకి మేతగా మిగిలేది) సగం వాళ్ళకి ఇస్తామన్నాం. మోటారు కాలితే ఖర్చు మూడు భాగాలు. ఈ ఖర్చు సంగతి ముందే తేల్చుకోకపోతే మొదటి వైండింగు రోజునే అంతా చెడుతుంది, ఇది గట్టిగా చెప్తున్నా.

కాయలు పెద్దగా రాలేదు. కానీ మాకు మిగిలిన కట్టెతో ఆవుల్ని సంతకి తోలకుండా నిలబెట్టుకున్నాం. ఆ ఏడాది ఇల్లు నడిచింది పాల డబ్బుల మీదే. పితికిపప్పుకి అనపకాయలు కూడా మిగిలాయి, అది బోనస్.

శ్రీలంక నుంచి చెయ్యకూడనిదీ ఒకటి నేర్చుకోవచ్చు. 2021లో అక్కడ రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి ఆపేశారు. రైతులు గొడవకి దిగితే కొన్ని నెలలకే వెనక్కి తగ్గారు, అయినా దిగుబడి పడిపోయింది. ప్రకృతి వ్యవసాయం మంచిదే. నేనూ అరెకరంలో వానలకి ముందే నవధాన్యాలు చల్లి చూస్తున్నా, మట్టి మెత్తబడింది. ఒకేసారి మూడెకరాలూ మార్చమంటే మాత్రం నా వల్ల కాదు.

ఇంతకీ మా బెత్మ ఎన్నాళ్ళు నిలిచిందంటారా? 2021 నవంబరు వానలకి చెరువు నిండి మొరవ (అలుగు) పారింది, కోతకొచ్చిన రాగి నీళ్ళలో పడుకుంది. బోర్లు ఊరాయి. మరుసటి ఏడాదే చిన్నాయన వరి నాటాడు, మా నాయన టమాటాకి వెళ్ళాడు. నీళ్ళుంటే పొత్తు ఎవరికి గుర్తుంటుంది. అందుకే నా సలహా, కరువు వచ్చాక కాదు, చెరువు నిండుగా ఉన్నప్పుడే కూర్చోండి. అప్పుడు ఎవరికీ టెన్షన్ ఉండదు, మాట తేలిగ్గా కుదురుతుంది.

మొన్న చిన్నాయన బోరు మళ్ళీ గాలి పోస్తోంది. ఈసారి తనే వచ్చి అడిగాడు. కాగితం మీద రాసుకుందామన్నాను. రాశాం కూడా. చిన్నమ్మ ఇంకా చదువుతోంది.