పాపా, ముందు ఆ కర్రల కొసలు చూడు

పాపా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, ఉప్పల్‌లో మీ మిద్దె మీద ఇరవై సంచుల్లో టమాట నారు నాటావని చెప్పింది. మదనపల్లె పక్కన నలభై ఏళ్లు టమాట పండించినవాడి మనవరాలివి, ఆఫీసు చూసుకుంటూ, చిన్నోడి వెనక పరిగెత్తుతూ కూడా మట్టిలో చెయ్యి పెట్టావని తెలిసి నాకు ఎంత సంతోషమైందో. సాయంత్రం మండీకి పోయి తెలిసినవాళ్లందరికీ చెప్పి వచ్చాను.

ఇంటికొచ్చాక మీ అమ్మ పంపిన ఫోటో చూశాను. వెదురు కర్రలు కొనుక్కొచ్చి సంచికొకటి గుచ్చావు. మట్టి పైన రెండడుగులున్నాయి, పై కొసలు ఏటవాలుగా చెక్కి ఉన్నాయి. వాటి మధ్యలో చిన్నోడు నిలబడి నవ్వుతున్నాడు. కొసలు సరిగ్గా వాడి మొహం ఎత్తుకే ఉన్నాయి. రాత్రంతా నిద్ర పట్టలేదు తల్లీ. ముందు పోయి ప్రతి కొసకూ ఒక ఖాళీ వాటర్ బాటిల్ బోర్లించి రా. మిగతా ఉత్తరం తర్వాత చదువుదువు.

బోర్లించావా? సరే.

కర్ర నారు నాటిన రోజే నాటాలి, మొక్కకు నాలుగు వేళ్ల ఎడంగా. ఎదిగాక గుచ్చితే వేళ్లు తెగుతాయి. ఆకు, కాయ మట్టికి తగలకూడదు. వాన చినుకు మట్టిని ఎగజిమ్మితే కింది ఆకుల నుంచే మాడు తెగులు మొదలవుతుంది. ఇంతవరకు నీకు నారు అమ్మినవాడు కూడా చెప్పే ఉంటాడు. వాడు చెప్పని సంగతి ఒకటుంది. ఈ ఇంట్లో కూడా నీకెవ్వరం చెప్పలేదు.

చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడల్లా అమ్మమ్మ ఎడమ కంట్లో ఆ తెల్లమచ్చ ఏంటని అడిగేదానివి, గుర్తుందా? నందివర్ధనం పువ్వు పూసిందమ్మా అనేది. నువ్వు నమ్మేసి, నా కంట్లో ఎప్పుడు పూస్తుందని ఏడ్చేదానివి. ఆ పువ్వు నా వల్ల పూసింది.

1996. మీ అమ్మ పెళ్లయి ఏడాది. పెళ్లి అప్పు ఇంకా తీరలేదు. మా దగ్గర అప్పటిదాకా టమాట నేల మీదే పాకేది, ఒక వాన పడితే సగం కాయ కుళ్లేది. కర్రలు కట్టి పండించినవాళ్ల కాయ నున్నగా, మచ్చ లేకుండా ఉంటోందని, మండీలో పెట్టెకు ఎక్కువ పలుకుతోందని చూసి నేనూ దిగాను. సరుగుడు కట్టెలు బండెడు తెచ్చాను. డబ్బు మిగలాలని ఒక్కో పొడుగు కట్టెను మూడు ముక్కలు చేశాను, నాటితే నేల పైన మూడడుగులు కూడా లేవు. ఇంకొకటి, మచ్చుకత్తితో ఏటవాలుగా ఒక్క వేటు వేస్తే పై ముక్కకు కింద మొన వస్తుంది, కింది ముక్కకు పైన మొన వస్తుంది. నేలలో దిగడానికి మళ్లీ చెక్కే పని ఉండదు. రెండు రోజుల పని ఒక పూటలో అయిపోయిందని మురిసిపోయాను. అంటే చేను నిండా పైకి మొనలున్న కట్టెలు నాటాను, వంగి కాయ కోసే మనిషి మొహం ఎక్కడికి వస్తుందో సరిగ్గా అక్కడికి.

కార్తీకంలో కాపు పడింది. తెల్లారేసరికి మండీలో ఉండాలని నాలుగింటికే కోతకు దిగాం. టార్చిలైటు నా చేతిలో ఉంది. పెట్టె ఎత్తడానికి నేను ఇటు తిరిగాను, వెలుతురు నాతో ఇటు వచ్చేసింది, అమ్మమ్మ చీకట్లోనే ఒక గుత్తి కోసం వంగింది. అరవలేదు కూడా. "అయ్యో" అని మెల్లగా అని కూర్చుండిపోయింది. ఏమైంది అంటే కంట్లో నలుసు పడింది అంది. నేనేం చేశానో తెలుసా, చల్లగా ఉంటుందని నందివర్ధనం పూలు పిండి కంట్లో వేశాను. ఆ పొద్దు కోత ఆపలేదు. రేటు బాగుంది, నాలుగు కోతలయ్యాక ఆసుపత్రికి పోదాం అన్నాను. ఆమె కూడా సరే అంది. మూడో రోజుకు కన్ను చింతనిప్పులా అయి, నల్లగుడ్డు మీద తెల్లగా పుండు కనపడింది. అప్పుడు పట్టుకుని పరిగెత్తాను. డాక్టరు మమ్మల్ని కోప్పడలేదు, తల పట్టుకున్నాడు. కట్టె, ఆకు, చెత్త గీసుకున్న కంట్లో బూజు చేరి లోపలికి తినేస్తుందని, గీసుకున్న రోజే వచ్చి ఉంటే వేరుగా ఉండేదని చెప్పాడు. రెండు నెలలు మందులేశాం. పుండు మానింది, చూపు రాలేదు. ఆ కాపు డబ్బుతో అప్పు తీరింది.

ఇన్నేళ్లలో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

అందుకే నీమీద కోపం వస్తోంది. చదువుకున్నదానివి, పిల్లాణ్ని తీసుకుని ఆ కర్రల మధ్య తిరుగుతావా? నువ్వు నీళ్లు పోస్తూ వంగుతావు, ఫోన్ మోగితే చప్పున లేస్తావు, వాడు బంతి కోసం పరిగెత్తుతాడు. కర్ర ఉంటే నీ తల కన్నా పైకి ఉండాలి, కొస అడ్డంగా సమంగా కోసి ఉండాలి, దానికి తొడుగు ఉండాలి. తెల్లారకముందు, చీకటి పడ్డాక మొక్కల్లో చెయ్యి పెట్టొద్దు. ఎప్పుడైనా కంట్లో గీసుకుంటే పసరు, చనుబాలు, షాపువాడిచ్చే చుక్కలు ఏవీ వేయకుండా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పో. సెలవు దొరకదు అనకు.

నన్నడిగితే ఆ కర్రలు మొత్తం తీసెయ్. అడుగు లోతు సంచిలో కర్రకు పట్టు ఎక్కడిది? కొబ్బరి పొట్టు కలిపిన మట్టి ఇంకా గుల్లగా ఉంటుంది. ఆషాఢం గాలి ఒక్కటి తోస్తే కర్ర, మొక్క, సంచి మూడూ కలిసి పడతాయి. సంచులు పిట్టగోడ పక్కన వరుసగా పెట్టావు, వాటిని లోపలికి జరుపు, కింద రోడ్డు మీద మనుషులు పోతుంటారు.

ఇలా చెయ్యి. పాత పెయింటు బకెట్లు రెండు తీసుకుని, ఒక్కోదాంట్లో ఏడడుగుల ఇనుప పైపు నిలబెట్టి కాంక్రీటు పోయించు. మిద్దెకు మాత్రం చిల్లులు వేయొద్దు, రేపు వాన నీళ్లు ఇంట్లోకి కారతాయి. రెండు పైపుల మధ్య అయిదు సంచులు పెట్టి, పైన అడ్డంగా ఇంకో పైపు గట్టిగా కట్టు. గాలికి ఊగకుండా రెండు పక్కలా లాగి కట్టే తాడు ఉండాలి, దానికి రంగు గుడ్డ చుట్టు, కాళ్లకు తగలకుండా. ఆ అడ్డ పైపు నుంచి ఒక్కో మొక్కకు ఒక పురికొస వేలాడదీసి, కాండం అడుగున వదులుగా ముడివేసి, మొక్క ఎదిగేకొద్దీ వారానికి రెండుసార్లు కాండాన్ని ఆ పురికొసకు చుట్టుకుంటూ పో. ఇందులో గుచ్చుకునే కొస ఒక్కటి కూడా లేదు, చూశావా. ఆమెకు అలా అయ్యాక మన చేలో నేను చేసింది దాదాపు ఇదే, ఆరడుగుల కట్టెలు, పైన తీగ, దానికి పురికొసలు.

రకం ఏంటో అడిగి తెలుసుకో. చెర్రీ టమాట లాంటి తీగ రకమైతే ఆకు పంగల్లో వచ్చే పిలకలు గిల్లి, ఒకటి రెండు కొమ్మలే పైకి పంపు. పీకేఎం-1 లాంటి పొట్టి రకమైతే గిల్లకు, గిల్లితే కాపే పోతుంది, దానికి ఇంత ఎత్తూ అక్కర్లేదు.

కొమ్మలు కట్టేటప్పుడు బైండింగ్ వైరు వాడొద్దు, కాండం లావెక్కేకొద్దీ కోసేస్తుంది. మెత్తటి గుడ్డ పట్టీని 8 అంకెలా తిప్పి కట్టు, ఒక సున్నాలో పురికొస, ఇంకో సున్నాలో కొమ్మ. కొమ్మ పక్కన నీ చిటికెన వేలు దూరాలి.

పట్టీలు నువ్వు కొనక్కర్లేదు. అమ్మమ్మ తన పాత వాయిల్ చీర చించుతోంది, నేను ఈ ఉత్తరం రాస్తుంటే పక్కనే కూర్చుని, ఒక్కో పట్టీని కుడి కంటి దగ్గరికి తెచ్చుకుని వెడల్పు చూసుకుంటూ. రెండు వేళ్ల వెడల్పు, మూర పొడుగు. ఇప్పటికి నలభై అయ్యాయి. చింతపండుతో పాటు శుక్రవారం బస్సులో వేస్తాను, తీసుకో.

ఈసారి ఫోటో తీసేటప్పుడు పైన ఏముందో మొత్తం కనపడేలా తియ్యి. అమ్మమ్మ కూడా చూస్తానంటోంది.

మీ తాత