ముందు చవక సీసాలు చూడు

చి. సింధుకి,

మామయ్య ఆశీస్సులు. హైదరాబాద్ నుంచి మిలాన్ వస్తున్న మీ ఆఫీసు వాళ్ళని భోజనానికి తీసుకెళ్ళే పని నీ నెత్తిన పడిందనీ, ఆ రెస్టారెంటు వైన్ లిస్టు చాంతాడంత ఉందనీ రాశావు. అంత పొడుగుంది కాబట్టి మంచి చోటే అయ్యుంటుందని నీ ధీమా. లండన్ హోటళ్ళలో ఇన్నేళ్ళు వైన్ వడ్డించినవాణ్ణి, ఆ పొడుగుని నేను నమ్మను.

నువ్వు ముందు చవక సీసాలు చూడు. బరోలో, బ్రునెల్లో, అమరోనె లాంటి ఇటలీ ఎర్ర వైన్ల పెద్ద పేర్లు డబ్బు పడేస్తే ఎవరికైనా వస్తాయి. ముప్ఫై యూరోల్లోపు మంచి సీసా పెట్టాలంటే మాత్రం ఎవరో ఒకరు ఓపిగ్గా రుచి చూసి, పదింటిని కాదని ఒకదాన్ని పట్టుకోవాలి. ఆ ఓపిక ఉందో లేదో లిస్టులో రాసిన తీరే చెప్పేస్తుంది. ఉత్తినే ‘కియాంతి, 28 యూరోలు’ అని ఉంటే, బంగినపల్లో రసమో చెప్పకుండా మామిడిపండ్లు అమ్మినట్టే. ఎవరు చేశారు, ఏ ఏటి పంట అన్నది పక్కనే ఉండాలి. కియాంతి క్లాసికో అన్నది మళ్ళీ వేరు. టస్కనీలో ఫ్లోరెన్సుకీ సియెనాకీ మధ్య ఉన్న పాత ప్రాంతం అది. అక్కడి వైన్‌లో కనీసం 80 శాతం సాంజొవేజె అనే ద్రాక్ష ఉండాలి, సీసా మీద నల్ల కోడిపుంజు గుర్తు ఉంటుంది. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టిన లిస్టు రాసినవాడికి సరుకు తెలియదన్నమాట.

ఏ ఏటి పంటో ఉంటే సరిపోదు, ఆ ఏడు ఆ వైన్‌కి తగినదా అని కూడా చూడు. మామూలు పినో గ్రిజో, సొవావె లాంటి తెల్ల వైన్లు రెండు మూడేళ్ళలో తాగేయాల్సినవి. ఆరేడేళ్ళ పాతది చవగ్గా కనబడితే అది అమ్ముడుపోక మిగిలిన సరుకే అనుకో. (గొప్ప సొవావె నిలవుంటుందిలే, కానీ అది ఆ ధరకి రాదు.) బరోలో సంగతి దీనికి తలకిందులు. చట్టం ప్రకారమే 38 నెలలు ఆగితే గానీ బయటికి రాదు, వచ్చాక కూడా కొన్నేళ్ళు రుచి బిగుసుకునే ఉంటుంది. 2010, 2016 పంటలు అక్కడ గొప్పవి. అంత ఖరీదు నీ ఆఫీసు భరిస్తుందో లేదో నీకే తెలియాలి.

ఇటలీ సీసాల మీదుండే డీఓసీ, డీఓసీజీ అక్షరాలు చూసి మురిసిపోకు. 1963 నాటి చట్టంతో మొదలైన ఆ గుర్తులు ఊరికీ పద్ధతికీ హామీ ఇస్తాయి, రుచికి కాదు. 1968 పంటతో బజారుకొచ్చిన సాసికాయా అంతటి పేరున్న టస్కనీ వైన్‌కే 1994 దాకా డీఓసీ దక్కలేదు.

ఇంకోటి. మీరుండేది మిలాన్ ఉన్న లొంబార్దీ రాష్ట్రంలో. ఫ్రాంచాకోర్తా, వాల్టెల్లినా, ఓల్ట్రెపో పవేసె, ఈ మూడు వైన్ ప్రాంతాలూ ఆ చుట్టుపక్కలవే. ఇవేవీ లేకుండా పేజీలన్నీ టస్కనీ, షాంపేన్‌లతో నింపేస్తే ఆ లిస్టు పర్యాటకుల కోసం రాసింది. ఫ్రాంచాకోర్తాలో బుడగలు షాంపేన్‌లోలాగే సీసాలోనే పుడతాయి. ఈస్టు మడ్డి మీద కనీసం 18 నెలలు ఉంచుతారు. ఇంకో బుడగల వైన్ ప్రొసెకోకి ఆ పని పెద్ద ట్యాంకుల్లో తొందరగా అయిపోతుంది. అందుకని ఈ రెండిటి ధరా ఒకటే పెట్టారంటే ప్రొసెకో దగ్గర నిన్ను బాదుతున్నారని అర్థం.

ధరలకి నాదో మోటు లెక్క ఉంది. ఫోన్‌లో దుకాణం ధర చూడు. లిస్టులో ధర దానికి రెండింతలుంటే న్యాయం, మూడింతలు దాటితే అత్యాశ. 750 మిల్లీలీటర్ల సీసాకి 150 చొప్పున అయిదు గ్లాసులొస్తాయి. గ్లాసు ధర సీసా ధరలో మూడో వంతు ఉంటే గ్లాసుల జోలికే వెళ్ళకు. అంతమందికి ఎలాగూ సీసాలే నయం.

మనవాళ్ళు కారం లేనిదే ముద్ద దిగదంటారు, అరాబ్బియాతా పాస్తా మీద ఇంకాస్త మిరపనూనె అడుగుతారు. దాని పక్కన వగరెక్కువున్న బరోలో పెడితే నోరు ఇంకా మండుతుంది. ఓల్ట్రెపో బొనార్దానో, పక్క రాష్ట్రం లాంబ్రుస్కోనో కాస్త చల్లగా తెప్పించు. ఈ ఎర్ర వైన్లు కొద్దిగా నురగతో హాయిగా ఉంటాయి, ఖరీదూ తక్కువే. వీటిని చిన్నచూపు చూసే వైన్ పండితుల మాట పట్టించుకోకు.

వడ్డించేవాడు నీ గ్లాసులో చుక్క పోసి నిలబడతాడు. నచ్చిందా అని కాదు అడిగేది, చెడిందా అని. తడిసిన అట్టపెట్టె వాసన కొడితే బిరడా వల్ల పాడైందని అర్థం. మొహమాటపడకుండా మార్పించు.

టేబుల్ ఖాయం చేసేముందు వాళ్ళకో మెయిల్ పెట్టు: ‘ముప్ఫై యూరోల్లోపు మీరైతే ఏది తాగుతారు, ఎందుకు?’ తయారుచేసినవాళ్ళ పేరుతో సహా జవాబొస్తే బుక్ చేసేయ్. ‘మా దగ్గర అన్నీ బాగుంటాయి’ అంటే ఇంకో చోటు వెతుక్కో. లిస్టులో లొంబార్దీ పేజీ ఉంటే ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి కోడలు పిల్లా, ఏది తెప్పించాలో చూసి చెప్తాను.

మీ మామయ్య