పగిలిన బ్యాట్‌కు కొత్తది మేమిచ్చినం, మరి మాకెవరిస్తరు?

ప్రశ్న: హన్మకొండల జేఎన్ఎస్ స్టేడియం దగ్గర చిన్న స్పోర్ట్స్ షాపు మాది అన్నా. పోయిన నెల ఒక పిలగాడు షటిల్ బ్యాట్ తెచ్చిండు, కొని పది రోజులు గూడ కాలేదు, ఫ్రేమ్ చీలింది, రోజూ వచ్చే కస్టమర్ గదా అని షాపుల ఉన్నదే కొత్తది తీసిచ్చిన. డిస్ట్రిబ్యూటరేమో ‘పంపు, కంపెనీ చూస్తది’ అంటుండు, ఇప్పటిదాక ఏం రాలే. పైగా ఫ్రీగా ఇచ్చినదానికి గూడ జీఎస్టీ కట్టాలె అంటుండు మా అకౌంటెంట్. నిజమేనా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: జీఎస్టీ ముచ్చట ముందు తేల్చేద్దాం తమ్మీ, కట్టక్కర్లే. వారంటీ కింద పైసా తీసుకోకుండ పార్టులు మారిస్తే ట్యాక్స్ లేదని 2023 జులై 17న 195 నంబర్ సర్క్యులర్ వచ్చింది, మొత్తం వస్తువు మార్చినా అంతే అని 2024 జూన్‌ల 216 నంబర్‌ది వచ్చింది. కంపెనీ నీకు సరుకే తిరిగిస్తే ఐటీసీ (సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని నీ ట్యాక్స్‌ల తగ్గించుకునుడు) ముట్టుకోవద్దు, జీఎస్టీతోని క్రెడిట్ నోట్ (సరుకుకు బదులు ఆ పైసలు నీ ఖాతాల జమ చేసే కాయితం) ఇస్తే మాత్రం ఆ బ్యాట్ మీద తీసుకున్న ఐటీసీ రివర్స్ చెయ్యాలె, అంటే వాపస్ కట్టాలె. ఆ సర్క్యులర్లు మీ అకౌంటెంట్‌కు చూపియ్యి.

అసలు దెబ్బ పెట్టుబడి మీద. రెండు వేలకు కొన్న బ్యాట్ మూడు వందల లాభానికి అమ్మితే, ఒక్కటి తిరిగి రాకుంటే ఏడు బ్యాట్లు అమ్మిన లాభం పోయినట్టే, కొరియర్ ఖర్చు వేరే. అందుకే మార్చిచ్చే ముందు ఫ్రేమ్ తిప్పి తిప్పి చూడాలె. డబుల్స్‌ల పక్కోని బ్యాట్‌కు తగిలితే పైన పెయింట్ లేచి గీత పడ్తది, ఫ్రేమ్ మీద 24 పౌండ్ల బిగువు దాకనే అని రాసుంటే బయట 28కి గట్టింగ్ (తీగలు బిగించుడు) చేయించి గూడ తెస్తరు, గిట్లాంటివి కంపెనీలు రిజెక్టే చేస్తయి. ఫొటోలు, బిల్లు డిస్ట్రిబ్యూటర్‌కు వాట్సాప్‌ల పంపి ‘ఓకే’ అని రాయించుకున్నంకనే కొత్తది తియ్యి.

అట్లని కస్టమర్‌ను ఉత్తగ ఎల్లగొట్టకు, 2019 వినియోగదారుల చట్టం కింద కంపెనీతో పాటు నిన్ను గూడ జిల్లా కమిషన్‌కు లాగొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకైతే ఫీజు గూడ లేదు. బ్యాట్ తీసుకున్నట్టు తేదీ వేసి స్లిప్ రాసియ్యి. ‘ఏడాది దాక నాదీ పూచీ’ అని నోటిమాట అస్సలియ్యకు, కంపెనీది ఎంతో అంతే చెప్పు. ఇగ ఆ డిస్ట్రిబ్యూటర్‌కు కొత్త ఆర్డర్ పెట్టే ముందే అడుగు, సరుకిస్తవా, క్రెడిట్ నోట్ ఇస్తవా, ఎన్ని రోజులల్ల అని, నసుగుతుండంటే ఆర్డర్ సగం జెయ్యి.