అసలు తీరింది సరే, రుజువేదీ?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె. మా ఆయన మోటారు షెడ్డులో మెకానిక్కు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. 2020 జూన్‌లో పాప ఆపరేషన్ కోసం ఇల్లు తనఖా పెట్టి తెలిసినాయన దగ్గర 6 లక్షలు తీసుకున్నాం. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ, పదేళ్ళ గడువు, తనఖా రిజిస్టరు చేయించారు. అదే రోజు ఖాళీ ప్రాంసరీ నోటు మీద, ఒక చెక్కు మీద మా ఆయన చేత సంతకాలు పెట్టించుకున్నారు. అప్పు తొందరగా తీర్చేయాలని మా ఆయన సిగరెట్లు మానేశారు, హోటల్ టిఫిన్లు మానేశాం, రోజువారీ ఖర్చు పైసలతో సహా పుస్తకంలో రాయడం అలవాటు చేసుకున్నాను. నెలనెలా వడ్డీ 9,000 ఫోన్‌పేలో వేసి, ఇంకో 9,000 అసలు కింద చేతికిచ్చేవాళ్ళం. ఆయన తన పుస్తకంలో రాసుకునేవారు. అలా అరవై నెలలు కట్టి, 2025 జూలైలో చీటీ డబ్బు 60,000 ఇచ్చి 6 లక్షలూ పూర్తి చేశాం. కాగితాలు అడిగితే "మీరిచ్చిందంతా మూడు రూపాయల వడ్డీ, అసలు అలాగే ఉంది, అయినా గడువు 2030 దాకా ఉందిగా" అంటున్నారు. 3 లక్షలకు కొత్త నోటు రాసిస్తే పాత తనఖా చింపేస్తారట. మా మరిదేమో దస్తావేజులు పోయాయని పోలీసు కంప్లయింటు ఇచ్చి నకళ్ళు తీసుకోమంటున్నాడు. జూన్‌లో ఈయనే "అసలులో ఇంకా అరవై ఉంది, చీటీ ఎత్తగానే తెచ్చేయండి" అని వాట్సాప్‌లో వాయిస్ పెట్టారు, ఇప్పుడేమో ఇలా. నెలకు 9,000 ఇంకా కట్టాలా? అయిదేళ్ళు కడుపు మాడ్చుకున్నాం, మాకు న్యాయం జరగదా?

జవాబు: అమ్మా, ఆపరేషను, మానేసిన సిగరెట్లు, మాడ్చుకున్న కడుపు, వీటిలో ఏదీ కోర్టులో మీ తరఫున సాక్ష్యం చెప్పదు. మీ కేసు నిలబడాలన్నా పడిపోవాలన్నా చివర్లో నిష్ఠూరంగా రాసిన ఆ ఒక్క వాక్యం మీదే. "అసలులో ఇంకా అరవై ఉంది."

ఆ మాట ఆయన నోట వచ్చిందని రుజువైతే ఆయన వాదనలు మూడూ ఒకేసారి కూలిపోతాయి. 6 లక్షల అసలులో అరవై వేలే మిగిలిందంటే, 5 లక్షల 40 వేలు అసలు కింద ముట్టినట్టే. ముట్టింది అసలు కిందేనంటే మూడు రూపాయల వడ్డీ అన్న కథ అబద్ధం. తెచ్చేయండని ఆయనే అడిగాడంటే గడువుకు ముందే తీసుకోవడానికి ఒప్పుకున్నట్టే. అవతలి పక్షం స్వయంగా ఒప్పుకున్న మాటకు కోర్టులో ఉన్న విలువ మీ పది మంది బంధువుల సాక్ష్యానికి ఉండదు.

కాబట్టి ఇవాళే చేయాల్సింది ఆ ఫోన్‌ను కాపాడుకోవడం. ఆ చాట్‌లో మెసేజీలు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగు ఉందేమో చూసి తీసేయండి. ఫోన్ మార్చకండి, రిపేరుకిచ్చి రీసెట్ చేయించకండి, పిల్లల చేతికివ్వకండి. ఆ వాయిస్‌ను బంధువులకు ఫార్వర్డ్ చేయడం, "మా దగ్గర రికార్డుంది" అని ఆయన్ని బెదిరించడం రెండూ వద్దు. చాట్ మొత్తాన్ని ఆడియోతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచండి. ముందూ వెనకా ఉన్న మెసేజీలు కూడా కావాలి. ఒక్క ముక్క కత్తిరించి తెస్తే, మిగతాదేం దాచారని అడుగుతారు. అసలు ఫోన్నే కోర్టులో చూపించగలిగితే మేలు. కాపీ దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ తప్పనిసరి. దాంట్లో రెండు భాగాలుంటాయి: ఒకటి మీరు సంతకం చేసేది, రెండోది నిపుణుడు ఇచ్చేది. ఆడియో మారలేదని చూపే హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెలు, అక్షరాల వరుస) కూడా అందులో రాయాలి. ఇది వకీలు దగ్గరుండి చేయించాల్సిన పని.

ఇక మందలించక తప్పని విషయం. పాలప్యాకెట్టు ఖర్చు పైసలతో సహా రాసుకున్న మీరు, నెలకు 9,000 చొప్పున 5 లక్షల 40 వేలు చేతికిచ్చి ఒక్క రసీదు అడగలేదు. వడ్డీని ఫోన్‌పేలో వేసిన వేలితోనే అసలూ వేసి, "తనఖా అసలు" అని రెండు మాటలు రాసి ఉంటే ఇవాళ మీకు నా అవసరమే ఉండేది కాదు. రుజువున్న సగం వడ్డీకి పోయింది, రుజువు లేని సగం అసలుకు పోయింది. అప్పిచ్చినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఇరవై వేలు, అంతకు మించిన అప్పును నగదుగా తీర్చడాన్ని ఆదాయపు పన్ను చట్టం కూడా ఒప్పుకోదు, జరిమానా పడే వీలుంది. అంతమాత్రాన మీరిచ్చిన డబ్బు చెల్లకుండా పోదు కానీ, అవతలి వకీలు దాన్ని ఎత్తిచూపకుండా వదలడు.

రెండో తప్పు ఇంకా పెద్దది. అసలు తగ్గుతూ ఉంటే వడ్డీ కూడా తగ్గాలి. మీరు అరవై నెలలూ అదే 9,000 వేశారు. "అసలు తగ్గిందంటున్నారు, మరి వడ్డీ ఎందుకు తగ్గలేదు?" క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొట్టమొదట అడిగేది ఇదే. దీనికి జవాబు లెక్కలోనే ఉంది, నేర్చుకుని వెళ్ళండి. మొదటి నెల 6,00,000 మీద వడ్డీ 9,000. మీరిచ్చిన 18,000లో మిగతా 9,000 అసలుకు పోతే బాకీ 5,91,000. రెండో నెల దాని మీద వడ్డీ 8,865 మాత్రమే. అంటే అసలుకు 9,135 జమ, బాకీ 5,81,865. ఇలా నెలనెలా వేసుకుంటూ పోతే 46వ వాయిదా కట్టిన 2024 ఏప్రిల్ నాటికి మిగిలేది పది వేల లోపు. 2024 మే వాయిదాలో అప్పు పూర్తిగా తీరిపోయి ఇంకా దాదాపు 8,000 మిగులుతుంది. ఆ తర్వాతి 13 వాయిదాలు, చీటీ డబ్బు 60,000 కలిపితే మీరు 3 లక్షలు పైగా ఎక్కువ కట్టారు. ఆయన ఇప్పుడు కొత్త నోటు రాయమంటున్నదీ సుమారు అంతే.

అసలుకా వడ్డీకా అన్న గొడవలో చట్టం మీ వైపే ఉంది. మామూలు సూత్రం ప్రకారం అప్పు కింద ఇచ్చిన డబ్బు ముందు వడ్డీకి, మిగిలింది అసలుకు జమ. ఆ నెల వడ్డీ ఫోన్‌పేలో పూర్తిగా పడిపోయాక, పైన ఇచ్చినదానికి అసలు తప్ప వేరే చోటు లేదు. "మాట మీద మూడు రూపాయలు అనుకున్నాం" అంటే కుదరదు. రిజిస్టరయిన దస్తావేజులో రూపాయిన్నర అని ఉంటే దానికి విరుద్ధమైన నోటి మాటను అదే సాక్ష్య అధినియం 95వ సెక్షన్ సాక్ష్యంగా రానివ్వదు. అయితే ఇదంతా నగదు ఇచ్చినట్టు రుజువైతేనే. అందుకే ఆ వాయిస్‌కు ఊతంగా ఇంకొన్ని సేకరించాలి.

బ్యాంకుకు వెళ్ళి 2020 జూన్ నుంచి 2025 జూలై దాకా మీ ఇద్దరి ఖాతాల స్టేట్‌మెంట్లు మేనేజరు సంతకం, ముద్రతో తీసుకోండి. ఫోన్‌పే స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకండి. వడ్డీ పంపిన రోజుకు దగ్గర్లో ఏటీఎం నుంచి తీసిన మొత్తాలను గుర్తు పెట్టండి, అవే మీ నగదు ఎక్కడిదో చెప్పేవి. చీటీ ఎత్తిన కాగితం, ఆ డబ్బు తీసిన తేదీ కావాలి. మీ ఖర్చుల పుస్తకం పనికొస్తుంది. కానీ ఒంటరిగా అది ఆయన్ని బాధ్యుణ్ణి చేయలేదు, మిగతావాటికి తోడు నిలుస్తుందంతే. దాన్ని దయచేసి శుభ్రంగా తిరగరాయకండి! నూనె మరకలతో, రకరకాల పెన్నులతో, కూరగాయల లెక్క పక్కన "అసలు 9,000" అని ఉన్న పేజీని జడ్జి నమ్ముతారు. ఒకే సిరాతో అయిదేళ్ళ లెక్క ఉన్న కొత్త పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. ఆయన పుస్తకం సంగతి, తెచ్చి చూపమని కోర్టు ద్వారా నోటీసు ఇవ్వొచ్చు. తేకపోతే, తెస్తే తనకు నష్టం కాబట్టే తేలేదని కోర్టు అనుకోవచ్చు.

గడువు మాట. తనఖా విడిపించుకునే హక్కు ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షన్ ప్రకారం అసలు చెల్లించాల్సిన సమయం వచ్చాకే పుడుతుంది. ముందే తీరుస్తామంటే తాకట్టు మీద అప్పిచ్చిన ప్రైవేటు వ్యక్తిని బలవంతం చేయడానికి దస్తావేజులో వీలుండాలి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తనఖా నకలు తీయించి "పదేళ్ళ గడువులోగా" అని ఉందో, "పదేళ్ళు పూర్తయిన మీదట" అని ఉందో చదవండి. లోగా అని ఉంటే దారి సుగమం. పూర్తయిన మీదట అని ఉంటే, నెలనెలా అసలు పుచ్చుకుని మిగిలింది తెమ్మన్న ఆయన ప్రవర్తన మీదే వాదించాలి.

కొత్త నోటు విషయంలో గట్టిగా చెబుతున్నాను, వినండి. సంతకం పెట్టొద్దు. తనఖా కాగితం ఆయన మీ ఎదురుగా చింపినా తనఖా పోదు, ఎందుకంటే అది సబ్‌రిజిస్ట్రార్ పుస్తకాల్లో ఉంది, ఈసీ (ఆస్తి మీదున్న తనఖాలు, బదిలీలు చూపే సర్టిఫికెట్) తీసిన ప్రతిసారీ కనిపిస్తుంది. మీరు మాత్రం 3 లక్షలు బాకీ ఉన్నామని కొత్తగా, మీ చేత్తో, ఒప్పుకున్నవాళ్ళవుతారు. ఇవాళ మీ చేతిలో ఉన్న వాయిస్ విలువను రేపటి ఆ సంతకం తుడిచిపెడుతుంది. మీ మరిది సలహా ఇంకా ప్రమాదం. దస్తావేజులు ఎవరి దగ్గరున్నాయో తెలిసి కూడా పోయాయని పోలీసులకు రాసిస్తే అది తప్పుడు ఫిర్యాదు, ఆ నకళ్ళతో అప్పు తెస్తే మోసం. పైగా బ్యాంకువాళ్ళు ఈసీ చూడగానే 2020 తనఖా బయటపడుతుంది. న్యాయం మీ వైపున్న కేసులో మీరే ముద్దాయి కావాలా?

"మూడేళ్ళు ఊరుకుంటే అప్పు చెల్లిపోతుంది" అని ఎవరైనా అంటే అది ప్రాంసరీ నోటు సంగతి. తనఖా ఆస్తి మీద డబ్బు రాబట్టుకోవడానికి కాలపరిమితి చట్టం 62వ ఆర్టికల్ కింద బాకీ గడువు నుంచి 12 ఏళ్ళు. మీ లెక్కన 2042 దాకా ఆయన దావా వేయగలడు. మీరు విడిపించుకోవడానికి 61వ ఆర్టికల్ 30 ఏళ్ళిచ్చింది. కానీ మీ ఫోను అన్నేళ్ళు పనిచేయదు, నగదు ఇచ్చేటప్పుడు చూసినవాళ్ళకు అన్నేళ్ళు గుర్తుండదు. ఎక్కువ కట్టిన 3 లక్షలకు మూడేళ్ళ పరిమితే వర్తిస్తుందని ఆయన వకీలు వాదించవచ్చు. మొదటి ఎక్కువ చెల్లింపు 2024 మేలో కాబట్టి, 2027 మే లోపు దావా పడితే ఆ వాదనకు తావే ఉండదు.

పని క్రమం ఇది. ఈసీ, తనఖా నకలు చేతికి రాగానే వకీలు ద్వారా నోటీసు, స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా. పదిహేను రోజుల్లో లెక్క చూపి, దస్తావేజులు తిరిగిచ్చి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి తనఖా రద్దు దస్తావేజు రిజిస్టరు చేయాలని అడగండి. తనఖా కాగితం వెనక పేజీలో "ముట్టింది" అని రాసిస్తే చాలదు. అది డబ్బు ముట్టినట్టు రుజువే గానీ తనఖా తీరినట్టు ఈసీలో ఎక్కదు. 2020 జూన్‌లో తనఖాకు హామీగా తీసుకున్న ఖాళీ నోటు, చెక్కు నంబరుతో సహా, తిరిగివ్వాలని అందులోనే రాయించండి. రేపు ఆ చెక్కు బౌన్సయిందని నోటీసు వస్తే 15 రోజుల్లోపు జవాబు వెళ్ళాలి. సంతకం మీదైనప్పుడు బాకీ ఉందనే చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని చూపాల్సింది మీరు. వాయిస్ సంగతి మాత్రం నోటీసులో ఎత్తొద్దు. అసలు ముట్టలేదన్న ఆయన అబద్ధం ముందు జవాబుగా కాగితం మీదికి రానివ్వండి. దావా వేసేటప్పుడు ఎలాగూ దాఖలు చేయాలి.

దారికి రాకపోతే ఇల్లున్న పరిధిలోని సివిల్ కోర్టులో తనఖా విమోచన దావా. కోర్టు లెక్క తీయిస్తుంది. బాకీ ఏమీ లేదని, పైగా ఎక్కువ కట్టారని తేలితే, తనఖా రద్దుతో పాటు ఆ ఎక్కువ మొత్తం తిరిగిమ్మని అదే దావాలో డిక్రీ ఇవ్వడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ ఆర్డరు 9వ రూలులో వీలుంది.

నెలకు 9,000 ఇంక ఇవ్వకండి. ఇస్తే అసలు ఇంకా ఉందని మీరే ఒప్పుకున్నట్టు. అలాగని ఖర్చు చేసేయకండి కూడా. అదే తేదీన మీ పేరు మీద రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. పొరపాటున కోర్టు కొంత బాకీ తేల్చినా కట్టడానికి డబ్బు సిద్ధంగా ఉంటుంది. మీకున్న పొదుపు అలవాటు ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది.

ఇళ్ళ మీద బ్యాంకు, హౌసింగ్ ఫైనాన్స్ అప్పులు ముందే తీరుస్తున్న మిగతా పాఠకులకు ఒక మాట. మారే వడ్డీ మీద వ్యక్తులు సొంత ఇంటికి తీసుకున్న అప్పును ముందే కట్టినందుకు పెనాల్టీ వేయకూడదు. 2023 సెప్టెంబరు 13 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం పూర్తిగా తీర్చిన 30 రోజుల్లో దస్తావేజులు తిరిగివ్వాలి. వాళ్ళ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 పరిహారం. ఈ గొడుగు ప్రైవేటు తాకట్టుకు లేదు.

చివరగా, ఫీజుకు భయపడి ఆగకండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. దస్తావేజు మీద మీ సంతకం కూడా ఉంటే మీ పేరు మీదే దరఖాస్తు పెట్టండి. శ్రీకాకుళం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. దావాకు ముందే లోక్ అదాలత్‌లో పెట్టమని కూడా అక్కడే అడగండి. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలుండదు. వెళ్ళేటప్పుడు ఈసీ, తనఖా నకలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, చీటీ కాగితం, మరకల ఖర్చుల పుస్తకం, ఆ ఫోను, దాని ఛార్జరు తీసుకెళ్ళండి.